సీతాఫలాల కింద గడ్డి

పోయిన యేడు దసరా వెళ్ళిన నాలుగో రోజు, మంగళవారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద నా గంప ముందు ఒక టీచరమ్మ వచ్చి నిలబడింది. టైము ఎలా తెలుసంటే, ఆమే గడియారం చూసుకుని, "ఎనిమిదీ పదైంది, స్కూలుకి ఆలస్యమైపోతోంది, అయినా మీకు చెప్పి వెళ్దామని వచ్చాను" అంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. చాలా ఏళ్ళుగా సీతాఫలాలు నా దగ్గరే కొంటుంది. చేతిలోని సంచి నా ముందు తెరిచింది. ఆరు కాయలు. ఆరూ పగిలి, గుజ్జు కారి, పులిసిన వాసన కొడుతున్నాయి.

"ఆదివారం కొన్నప్పుడు బుధవారానికి పండుతాయన్నారు కదమ్మా! రేపు మా అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. నిన్న రాత్రికే ఇలా అయిపోయాయి."

"మీరు ఎండల పెట్టిండ్రేమో మేడం," అన్నాను. నా నోరు అంతే. తప్పు నాదని ముందుగా అనుకునే అలవాటు లేదు.

"ఎండలో ఎందుకు పెడతానండీ? గడ్డిలోనే పెట్టాను. మీరిచ్చిన గడ్డే."

సీతాఫలం కొనేవాళ్ళు ధర కంటే ముందు అడిగేది, ఎప్పటికి పండుతుందని. కాయ మీది కళ్ళ మధ్య సందు విచ్చి పాలరంగుకు తిరిగితే అది కోతకు వచ్చినట్టు. ఆ సందు ఎంత విచ్చింది, ఎంత తెల్లబడింది చూసి నేను రేపు అనో, ఎల్లుండి అనో, మూడు రోజులు అనో చెబుతాను. మా అమ్మ అట్లాగే చెప్పేది. నల్గొండ జిల్లాలో మా ఊరి గుట్టల మీద కాయ కోసిన నాటి నుంచి ఈ ఫుట్‌పాత్ దాకా నా మాట మీదే కాయ అమ్ముడుపోయింది. ఆ వారంలో కాయలు తిరిగి తెచ్చినవాళ్ళలో టీచరమ్మ ఐదో మనిషి.

నా కొడుకు ఆటో నడుపుతాడు. నాకు చాయ్ ఇచ్చిపోదామని అప్పుడే ఆగాడు. అంతా విన్నాడు.

"అమ్మా, నీ కండ్లకు పొర వచ్చింది. ఎన్నిసార్లు చెప్పాలె? గీ రోడ్డు మీద కూసునుడు బంద్ చెయ్. ఇంట్ల కూసో."

"ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె? గోడలు సూడాల్నా?"

"టీవీ చూడు."

"టీవీల గూడ నీ అసొంటోళ్ళే ఒర్రుతుంటరు."

టీచరమ్మ నవ్వు ఆపుకుంది. నాకు మాత్రం లోపల గుబులుగానే ఉంది. నిజంగానే నా చూపు పోయిందా? పోతే ఇక్కడ కూర్చునే హక్కు నాకు లేదు. కానీ తెలుసుకోకుండా లేచిపోవడం నావల్ల కాదు. కొడుకుతో ఒప్పందం పెట్టాను. ఆ రోజు తెల్లవారుజామున కొన్న గంపలోంచి పన్నెండు కాయలు తీసిపెడతాను, పన్నెండూ శుక్రవారానికి పండేవే. సగానికి మించి తప్పితే ఈ చోటు వదిలేసి ఇంట్లో కూర్చుంటాను.

"శుక్రారం పొద్దుగాల రాండ్రి మేడం, మీరే తిని చూడుండ్రి," అన్నాను.

మా ఇల్లు సరూర్‌నగర్ వైపు, రెండు గదులు. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, కోడలు నేర్పింది. చిన్న చిన్న చీటీల మీద 'శుక్రవారం' అని నేనే రాసి, దారంతో ఒక్కో కాయ తొడిమకు కట్టాను. కోడలు వచ్చి చూసింది.

"అత్తమ్మా, దవాఖానల పేషెంట్లకు కట్టినట్టు కట్టినవ్ గదా!" అని నవ్వి, గంపలో గడ్డి సర్దుతున్న నా చేతుల వైపు చూసి, "గడ్డి ఎందుకు?" అని అడిగింది. ఆమె ఎల్‌బీ నగర్‌లో పుట్టి పెరిగింది, గుట్ట ఎరగదు.

"ఎందుకేంది? పండాలని."

"గడ్డిల ఏముంటది పండనీకి?"

నలభై ఏళ్ళు గడ్డి పరిచాను గాని ఎందుకని ఒక్కసారీ అనుకోలేదు. అప్పుడు మా అమ్మ గంప యాదికొచ్చింది. దసరా దాటితే ఊళ్ళో రాత్రిళ్ళు వణుకు పుట్టేది. అమ్మ కాయల కింద గడ్డి, పైన గడ్డి, ఆ మీద గోనెసంచి కప్పేది. చలికి మేం పిల్లలం ఆ గడ్డిలో కాళ్ళు పెట్టి పడుకుని దెబ్బలు తిన్నాం. అంటే గడ్డి కాయలకు దుప్పటి. ఇప్పుడు నేను ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంటూ కాయలకు దుప్పటి కప్పుతున్నాను.

కొన్నేళ్ళ కింద ఇదే నెలలో ఎల్‌బీ నగర్ చౌరస్తాకు తెల్లవారుజామున పోతే, గుట్టల నుంచి గంపలతో బస్సు దిగే ఆడవాళ్ళూ, వాళ్ళ దగ్గర కాయలు కొనే నేనూ కొంగు చెవులకు చుట్టుకుని ఉండేవాళ్ళం. ఇప్పుడు పండగలో వాన దంచుతుంది, వాన ఆగితే ఉక్క. శరదృతువు అంటే మబ్బుల్లేని ఆకాశం, చల్లని వెన్నెల అని కోడలు పుస్తకంలో చదివించిన రోజు బయట నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పుస్తకమే తప్పు రాశారనుకున్నాను.

ఆరు కాయలు గడ్డిలో పెట్టి, ఆరు మంచం కింద ఉత్త బండల మీద పెట్టాను.

బుధవారం మధ్యాహ్నం గడ్డిలో చెయ్యి పెట్టాను. పొదిగే కోడి కింద పెట్టినట్టుంది. సాయంత్రానికి రెండు మెత్తబడ్డాయి, గురువారం పొద్దుటికి ఆరూ. బండల మీదివి ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఊరుకోలేక గంటకోసారి మంచం కిందికి దూరుతుంటే కోడలు, "కాయలు పండుతయో లేదో గని, నీ నడుం పడిపోతది అత్తమ్మా," అంది. గురువారం రాత్రికి బండల మీద ఒకటి పండింది, ఒక రోజు ముందే. మరొకటి నల్లబడి రాయిలా బిగిసింది.

శుక్రవారం పొద్దున కొడుకు ఆటోలో కోడలూ నేనూ వచ్చాం. మెట్ల కింద గోనెసంచి పరిచి అన్నీ పెట్టాను. కొడుకు ఒక్కోటి ఒత్తి చూశాడు.

"పన్నెండుల ఎనిమిది తప్పినయ్, అమ్మా."

"తప్పినయ్. నువ్వే గెలిచినవ్," అన్నాను.

టీచరమ్మ మిగిలిన నాలుగింటిలో ఒకటి విప్పి తింది. గింజలు అరచేతిలో ఊసుకుంటూ, "భలే ఉంది. మరి ఈ నాలుగూ చెప్పిన రోజుకే ఎలా పండాయి?" అంది.

గడ్డి సంగతీ, ఈ నాలుగూ బండల మీద పెట్టిన సంగతీ చెప్పాను. "కాయను నేను మంచిగనే చూసిన మేడం. రాత్రులు మారినయని చూడలే."

"మరి గా నల్లదాని సంగతేంది?" కొడుకు వదల్లేదు.

"నాకు తెల్వది. చెట్టు మీద వానకు నానినట్టుంది. అట్లాంటియి ఈ యేడు మస్తొస్తున్నయ్."

టీచరమ్మ గంపలోంచి ఇంకో ఆరు కాయలు ఏరుకుంది. "ఇవి ఎప్పటికి పండుతాయి?" అని అడిగి ఆగింది. ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. ఎల్లుండి అనే మాట నాలుక చివరకు వచ్చింది. మింగేసి, "మీ ఇంట్ల ఎక్కడ పెడతరు? కింద ఉంటరా, మీదనా?" అని అడిగాను.

"పై అంతస్తే. అర్ధరాత్రైనా గోడలు వేడిగానే ఉంటాయి."

"అయితే రేపు సాయంత్రమే ఒత్తి చూసుకోండ్రి. గడ్డి ఇయ్యను, బండల మీద పెట్టుండ్రి."

నేను చెప్పింది సరిగ్గా పడుతుందో లేదో నాకే తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది. ఆ మాటే ఆమెకూ చెప్పాను, సోమవారం వచ్చి ఏమైందో చెప్పమన్నాను. కొడుకు మెడ గోక్కుంటూ నిలబడ్డాడు. రోజూ నాకు గడ్డి కట్ట తెచ్చిచ్చేది వాడే. ఆటో ఎక్కి కూర్చుని, ఒప్పందం ఊసెత్తకుండా, "రేపటికి గడ్డి తేవాల్నా, వద్దా?" అన్నాడు.

"వద్దు," అన్నాను.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నవాళ్ళం నలుగురం: నేను, ఆటోలో నా కొడుకు, వాడి వెనక సీట్లో గడ్డి కాయలను ఒళ్ళో పెట్టుకుని తింటున్న నా కోడలు, స్కూలుకు మళ్ళీ ఆలస్యమైపోతున్న టీచరమ్మ.