మేనమామతో బొమ్మల కొనుగోలు

ఆ రోజుల్లో మా వైపు ఇళ్ళలో గోడ మీద బొమ్మ అంటే దుకాణంవాళ్ళు ఇచ్చే క్యాలెండరే. ఏడాది అయిపోయాక తేదీల కాగితాలు చింపేసి దేవుణ్ణి మాత్రం ఉంచుకునేవాళ్ళం. అలాంటి గోడల మధ్య పెరిగిన నేను ఇరవై రెండేళ్ళ వయసులో, గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో గుమాస్తాగా చేరిన ఏడాదికే, ఆధునిక చిత్రాలు సేకరించే మనిషిని కావాలని నిశ్చయించుకున్నాను. దానికి కారణం మా మేనేజరుగారు. ఆయన గదిలో నాలుగు చిత్రాలుండేవి. ఒకదానిలో ముక్కు చెవి దగ్గర ఉండేది, తక్కినవాటిలో ముక్కే ఉండేది కాదు. ఆ గదిలోకి వచ్చినవాళ్ళు వాటిని చూసి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. నా గదికి వచ్చినవాళ్ళు కూడా అలా గొంతు తగ్గించాలని నా కోరిక (అప్పటికి నా గదికి వచ్చేది పాలు పోసే ఆయన ఒక్కడే).

మద్రాసులో కుర్ర చిత్రకారుల ప్రదర్శన జరుగుతోందని పేపర్లో చదివి, ఒక శనివారం సెలవు పెట్టి రైలెక్కాను. సూళ్ళూరుపేటలో అదే పెట్టెలోకి మా మేనమామ ఎక్కాడు. పులికాట్ సరస్సు ఒడ్డున పల్లె ఆయనది, చేపలవేట జీవనం. వలలకు నైలాన్ దారం బాగుంటుందని ఎవరో చెబితే కొనడానికి బయల్దేరాడు.

"ఏడికి అల్లుడా?" అన్నాడు.

"బొమ్మలు కొనడానికి మామా."

"ఎవురికి? నీకింకా పెళ్ళే కాలేదే."

పెట్టెలో నలుగురూ నవ్వారు. ఇవి ఆ బొమ్మలు కావని నేను ఎంత వివరించానో, మామకు చూడాలనే ముచ్చట అంత పెరిగింది. దారం కొన్నాక నాతోపాటే ప్రదర్శనకు వచ్చాడు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు, చంకలో దారం మూట. పడవ మీంచి పడవకు కేకేసి మాట్లాడే గొంతు ఆయనది, హాల్లో కూడా అదే గొంతు.

లోపల ఒక బొమ్మ దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. సాయంకాలపు సరస్సు, నాలుగు పడవలు. నీళ్ళ రంగు సరిగ్గా మా మామ వాళ్ళ ఊరి నీళ్ళ రంగే. ఆ బొమ్మ వేసిన అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. కొనేద్దామనుకుంటుండగా, అవతల కళ్ళద్దాల పెద్దమనుషులు ముగ్గురు ఇంకో చిత్రం ముందు తలలు ఊపుతూ కనిపించారు. ఇటుకరంగు చదరం, మధ్యలో పచ్చగీత ఒకటి. పేరు 'అంతర్ముఖం'. నేనూ అక్కడికి వెళ్ళి తల ఊపాను.

అప్పుడు వెనకనుంచి మామ గొంతు వినిపించింది. "అమ్మణ్ణీ, ఈ పడవ మునిగిపోతాది."

హాలంతా అటు తిరిగింది.

"అలలు చూస్తే గాలి తూరుపునుంచి కొడతా ఉండాది. తెరచాపేమో పడమటిగాలికి ఉబ్బినట్టు ఏసినావు. రెండు గాలులు యాడనన్నా ఉంటాయా?" అని మామ రెండు చేతులూ చాచి గాలి ఎటునుంచి ఎటు పోతుందో చూపిస్తున్నాడు.

కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన నా వైపు చూసి, "ఆయన మీతో వచ్చారా?" అన్నాడు.

"అదే రైల్లో వచ్చారండీ," అన్నాను (అబద్ధం కాదని నన్ను నేను సమాధానపరచుకున్నాను). ఆ తర్వాత మామ బయటికి వెళ్ళేదాకా ఒక స్తంభం వెనక నిలబడి, 'అంతర్ముఖం' కొన్నాను.

తిరుగు రైల్లో మామ తన దారం మూటను బల్ల కిందికి తోసి, నా చిత్రాన్ని ఎవరి మోచేయీ తగలకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ పడవల బొమ్మ ముందర అంతసేపు నిలబడినావే. దాన్నెందుకు తీసుకోలేదు?"

"అది అందరికీ అర్థమైపోయే బొమ్మ మామా."

ఆయన ఒళ్ళోని చిత్రాన్ని చూసి "అట్టనా," అన్నాడు.

సోమవారం చిత్రాన్ని మేనేజరుగారికి చూపించాను. ఆయన అటూ ఇటూ చూసి, "బాగుందయ్యా. నీ గదిలో కూడా చెమ్మ వస్తోందా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన గది గోడకు ఎంత సున్నం కొట్టినా చెమ్మ మరకలు పోలేదట. ఆయన తమ్ముడు మద్రాసునుంచి, మరకల కొలతలు తీసుకుని మరీ, ఆ నాలుగు చిత్రాలూ తెచ్చి కప్పిపెట్టాడట.

ఆ వారమంతా నాకు పడవల బొమ్మే గుర్తొస్తూ ఉంది. ఆదివారం మళ్ళీ మద్రాసు వెళ్ళాను. గోడమీద పడవల బొమ్మ లేదు. అమ్ముడుపోయిందా అని ఆ అమ్మాయిని అడిగాను.

"లేదండీ, నేనే తీసేశాను. తెరచాప మళ్ళీ వెయ్యాలి. ఆ పెద్దాయన చెప్పింది నిజం."

"ఆయన మా మేనమామండీ," అన్నాను.

"తెలుసు. ఆయనే చెప్పారు. మావాడు ఆ స్తంభం ఎనక ఉండాడు, కొంచెం సిగ్గు ఎక్కువ, ఏమనుకోవద్దు అన్నారు."

నేను ఆ స్తంభం వైపు చూశాను. ఆ అమ్మాయి అదేమీ గమనించనట్టు తన పుస్తకం తెరిచి ఒక కాగితం చూపించింది. ఆ రోజు పెన్సిలుతో గీసుకున్న బొమ్మ. మామ రెండు చేతులూ చాచి గాలిని చూపిస్తున్నాడు, తువ్వాలు భుజంమీంచి జారుతోంది. అది నాకు కావాలన్నాను. చుట్టుపక్కల ఎవరైనా తల ఊపుతున్నారేమోనని కూడా చూడలేదు.

పల్లెకు తీసుకెళ్ళి చూపిస్తే మామ కాగితాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేనే," అన్నాడు. తర్వాత, "ఇందులో నువ్వు లేవే?"

"నన్ను గీయలేదు మామా."

"ఈసారి పోయినప్పుడు నా పక్కన నిలబడు. నిన్నూ గీస్తాది."

ఆ 'ఈసారి' మా ఇద్దరికీ కుదరనే లేదు. తర్వాత నేను చాలా చిత్రాలు కొన్నాను, కొన్ని నచ్చి, కొన్ని ఇంకా సిగ్గు చావక. పెన్సిలు బొమ్మ మాత్రం ముందుగదిలోనే ఉంది. ఇప్పుడు నేను అందులోని మామకంటే పెద్దవాణ్ణి. ఎవరైనా వచ్చి ఈయన ఎవరండీ అని అడిగితే, మా మేనమామ అని గట్టిగానే చెబుతాను. అవసరానికి మించి గట్టిగా చెబుతానని మా ఆవిడ అంటుంది.