పరీక్షకు పంపని పిల్లలు

సూసన్న పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ కాలనీ బడిలోని తెలుగు సెక్షనుకి టీచరుగా వచ్చిన కొత్తలో, అరవైల మొదట్లో, ఏడో తరగతి పిల్లలు పాఠాలు గడగడా అప్పజెబుతుంటే ముచ్చటపడింది. అదే పాఠంలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమంటే సగం మందికి రాలేదు.

కారణం త్వరలోనే తెలిసింది. ఏడాది చివర అన్ని బళ్లకీ కలిపి ఒకటే పరీక్ష. ప్రశ్నలు ఏటేటా ఇంచుమించు అవే. దసరా సెలవులు అవగానే జవాబులు నల్లబల్ల మీద రాసి బట్టీ పట్టించేవారు. అది చేతకాని పిల్లల్ని పరీక్షకే పంపేవారు కాదు.

ఆ ఏడు అలా ఆగినవాళ్లలో నూకాలమ్మ ఒకతి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు తవిటయ్య కూతురు. అంతకు ముందు ఏడూ ఆపేశారు. తండ్రి ఇక బడి మాన్పించేస్తానన్నాడు.

ఈ పిల్లల్ని ఎందుకు ఆపుతున్నారని సూసన్న హెడ్మాస్టరు చెన్నకేశవరావుని అడిగింది. ఆయన కోప్పడలేదు. పాసయ్యేవాళ్లు తగ్గితే రైల్వేవాళ్లు తెలుగు సెక్షను ఎత్తేస్తారని, అప్పుడు ఈ పిల్లలంతా ఎక్కడికి పోతారని ఎదురడిగాడు. ఆయన భయం నిజమే.

ఆ సాయంత్రం తిన్నగా తవిటయ్య క్వార్టరుకి వెళ్లింది. అతను డ్యూటీ నుంచి వచ్చి సైకిలు తుడుచుకుంటున్నాడు.

"మా గుంటకి సదువు అంటదు టీచరమ్మా. ఒగ్గీయండి," అన్నాడు.

"అంటదని కాదు తవిటయ్యా, మేం చెప్పనేదు. రోజూ సాయంత్రం మా ఇంటికి పంపు."

ఆ ఊళ్లోనే ఝపటాపూర్‌లో ఆమె అద్దింటి అరుగు మీద నూకాలమ్మతో పాటు మరికొందరు చేరారు. సూసన్న జవాబులు పక్కన పెట్టి, గుణింతాల దగ్గర మళ్లీ మొదలెట్టింది. పాత పత్రికలు, పొట్లాల కాగితాలు, ఏది దొరికితే అది చదివించింది. నవ్వుతారని నూకాలమ్మ చాన్నాళ్లు నోరు మెదపలేదు. ఒకరోజు బెల్లం పొట్లం కాగితంలో ఎవరిదో ఆవు తప్పిపోయిన వార్త తనలో తనే చదువుకుంది. కాగితం అక్కడికి చిరిగిపోయింది.

"ఆవు దొరికినాదా టీచరమ్మా?" అని అడిగింది.

"ఏటయిందో నువ్వే రాయి," అంది సూసన్న.

ఆ పిల్ల పలక నిండా రాసింది. తప్పులు చాలానే ఉన్నాయి గాని, ఆవు మాత్రం ఇల్లు చేరింది. సూసన్న దాన్ని తుడవనివ్వలేదు.

మరుసటి ఏడు హెడ్మాస్టరు ఆ పిల్లల్ని మళ్లీ ఆపబోయాడు. సూసన్న వాళ్లని ఆయన గదికి తీసుకెళ్లింది. పాఠ్యపుస్తకంలో లేని పేజీ ఒకటి ఇచ్చి చదివించమంది. నూకాలమ్మ కూడబలుక్కుంటూ చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పింది. చెన్నకేశవరావు ఆ పేజీ తనవైపు తిప్పుకుని చూశాడు. తర్వాత, "అందర్నీ పంపుదాం. పైవాళ్లకి నేను చెప్పుకుంటాను," అన్నాడు.

అందరూ పాసవలేదు. నూకాలమ్మ లెక్కల్లో పోయి, ఆ పై ఏడు గట్టెక్కింది. పైనుంచి సంజాయిషీ అడిగితే హెడ్మాస్టరే చెప్పుకున్నాడు. సెక్షను నిలిచింది.

పరీక్ష మాత్రం మారలేదు. అయితే బడిలో చివరి పీరియడు అన్ని తరగతులకీ పాఠాలు కాక, ఏది దొరికితే అది చదువుకోవడానికే అయింది. ఆ ఒక్క పీరియడు కోసం ఊరి అవతల ఉన్న ట్రాఫిక్ కాలనీ నుంచి కూడా తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి ఆ బడిలో వేయడం మొదలెట్టారు.