పసుపునీళ్లు తాగిన పెడల్

నాకు కరెంటంటే భయం లేదు. చిట్యాలలో హైవే పక్కన ఆంప్లిఫయర్లు, మైకులు బాగుచేసే షాపు నాది. షాకులు తినీ తినీ చేతులు మొద్దుబారాయి. కానీ ఆ మధ్యాహ్నం మా మేనమామ గిటారు భుజాన వేసుకుని వచ్చి, తువ్వాలలో చుట్టిన ఇనుప డబ్బాను నా బల్ల మీద పెట్టినప్పుడు భయపడ్డాను.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు సంగతి ఇది. పెళ్లిళ్లలో డీజేలు ఊపందుకుని, ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మిగిలిన ఒకదాంట్లో మామ బేస్ గిటారు వాయించేవాడు. ఆ డబ్బా ఆయన పెడల్. గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ నడుమ పెట్టి కాలితో తొక్కితే మోత చిక్కబడి ఛాతీకి తగిలేది. పడుచుతనంలో హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, అప్పటికే అది పాతది. లోపలుండే ట్రాన్సిస్టర్లు ఇప్పుడు దొరకవు. వేరేవి వేస్తే ఆ గొంతు రాదు.

"దసరా కాన్నుంచి గరగర అంటాందిరా అల్లుడా. నడుమ నడుమ మోతనే పోతాంది" అన్నాడు మామ. "రేపు కోస్గిల రిసెప్షన్ ఉన్నది. మళ్ల గిట్లనే అయితే కీబోర్డు మీదనే బేస్ కొట్టిస్తనన్నడు మా లీడర్. ఇగ నన్ను రావద్దంటడు."

నవ్విద్దామని, "ఆడలేక మద్దెల ఓడంటున్నవా మామా?" అన్నాను.

ఇంకోరోజైతే ఒకటికి రెండు అంటించేవాడు. ఆ రోజు నవ్వలేదు. తువ్వాల ఒళ్లో వేసుకుని, కుడిచెయ్యి దాని కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మామ భయపడటం నేనెప్పుడూ చూడలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

కొత్త బ్యాటరీ వేశాను. వైరు మార్చాను. గరగర పోలేదు. ఇక మూత విప్పక తప్పదు. స్క్రూలు తుప్పుపట్టి మొండికేశాయి. నూనె చుక్క వేసి ఒక్కొక్కటే తిప్పాను. మూత లేచాక లోపల చూసి బిత్తరపోయాను. వైర్ల కొనలకు పచ్చగా చిలుము పట్టింది. మూలల్లో పసుపు చారలు ఎండిపోయి ఉన్నాయి. వైరు గుచ్చే రంధ్రం పక్కన ఒక అక్షింత గింజ అతుక్కుని ఉంది.

"మామా, దసరాకు దీన్కి పూజ చేసినవా?"

"చెయ్యకుంటె ఎట్ల? గిటారు పక్కన పెట్టి పసుపునీళ్లు చల్లిన. దీని మీదికెల్లే కొబ్బరికాయ కొట్టిన. ఏడాదంత అన్నం పెట్టేదాన్కి మొక్కొద్దారా?"

కోపం ముంచుకొచ్చింది. మొక్కితే మొక్కావు, స్నానం కూడా చేయించాలా? కానీ ఏమనను? దసరాకు కరెంటు కొలిచే నా మల్టీమీటరుకు నేనూ బొట్టు పెడతాను.

పాత పళ్లబ్రష్షును స్పిరిట్‌లో ముంచి చిలుము తుడుస్తున్నాను. ఉన్నట్టుండి ఒక ట్రాన్సిస్టరు కాలు పుటుక్కున విరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మిగిలిన మొదలు బియ్యపు గింజంత కూడా లేదు. దానికి కొత్త తీగ అతకాలి, వేడి కాస్త ఎక్కువైతే ఆ ముసలిది లోపలే చచ్చిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను గానీ దాని మొన ఒకచోట నిలవడం లేదు.

"జర అటు తిరుగు మామా. నువ్వు చూస్తుంటె నాకు చేతులు వణుకుతున్నయ్."

"నీకు గూడనా?" అన్నాడు మామ. అని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టకారుతో ఆ కాలి మొదలు పట్టుకుని, మొన ఇట్లా తగిలించి అట్లా తీశాను. తీగ అతుక్కుంది. లోపల ప్రాణం ఉందో పోయిందో తెలియదు.

గిటారు తగిలించాం. మామ కాలితో తొక్కాడు. నేను కళ్లు మూసుకున్నాను. మోత నిండుగా, నున్నగా లేచి షాపు షట్టర్ అదిరింది. గరగర జాడ లేదు. సంతోషం పట్టలేక, "ఇగ వాయించు మామా!" అని అరిచాను.

పెళ్లి ఊరేగింపులో వాయించే బరాత్ దరువొకటి మొదలుపెట్టాడు. కాస్త దూరం పోయాక ఒక మోత తప్పింది. నా అతుకు ఊడిందేమోనని గాబరాగా వంగాను. అతుకు గట్టిగానే ఉంది. మళ్లీ తప్పింది. అప్పుడు తలెత్తి చూశాను. మామ కుడిచేతి వేళ్లు తీగను మీటబోయి, అందక, గాలిలో వణుకుతున్నాయి. ఇన్నాళ్లూ గరగరలో కలిసిపోయిన తప్పు ఇప్పుడు తేటగా వినిపిస్తోంది. మామ కూడా విన్నాడు. ఆపేశాడు.

మామ ఫోన్ మోగింది. ఆర్కెస్ట్రా లీడర్. మామ ఎత్తకుండా నా చేతికిచ్చి, గుసగుసగా, "బాగు కాలేదని చెప్పురా" అన్నాడు.

నేను హలో అనగానే గొంతు గుర్తుపట్టి, "ఏం తమ్మీ, డబ్బా బాగైందా?" అన్నాడు లీడర్.

"కాలేదన్నా. లోపలి సామాను దొరకదు. ఇగ కాదు."

"అయ్యో! గది లేకుంటె గాయిన వాయించడు గద. గసొంటి చెయ్యి మళ్ల దొరుకుతదా?" అని లీడర్ బాధపడ్డాడు.

ఫోన్‌లో గొంతు బయటికే వినిపిస్తోంది, మామ ఆ మాట విన్నాడు. గిటారును సంచిలో పెట్టుకుని, పెడల్‌ను నా బల్ల మీదే వదిలేసి బస్టాండు వైపు నడిచాడు.

అదింకా అక్కడే ఉంది. దసరాకు పొడి కుంకుమతో బొట్టు పెడతాను, నీళ్లు చల్లను. ఎవరడిగినా ఖరాబైందనే చెప్తాను. చెప్పిన ప్రతిసారీ, ఎందుకో, నా వేళ్లను బల్ల మీద చాపి చూసుకుంటాను.