పటంలో లేని తల్లి

చిక్కపేట మెట్రో మెట్లెక్కి బయటికి వచ్చేసరికి కొత్త చీరల గంజివాసన ముఖానికి కొడుతుంది. నలభై దాటినా, ఆ వాసనకు నా ఎడమ భుజం ఇప్పటికీ దానంతటదే బిగుసుకుంటుంది.

తొంభైల మొదట్లో ఆ సందులో మా నాయనకు చీరల అంగడి ఉండేది, దాని మేడమీద మా ఇల్లు. గుడ్డ కొలిచే ఇనుప గజంబద్దను నాయన భోజనానికి వచ్చేటప్పుడు కూడా చేత్తోనే తెచ్చేవాడు. పులుసులో ఉప్పు తగ్గినా, కింద బేరం తప్పినా, ఏమీ కాకపోయినా అది అమ్మ వీపుమీద పడేది. ఒక ఉగాదినాడు ఒబ్బట్లకు రుబ్బిన పూర్ణం ఏలకుల వాసనతో ఇల్లంతా ఘుమఘుమలాడుతుండగా, ఆయన విసిరిన ఇత్తడి పళ్ళెం అమ్మ కనుబొమను చీల్చింది. పూర్ణం ముద్దల మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. అమ్మ ఎప్పటిలాగే వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. నేను ఎప్పటిలాగే కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కాలు చెప్పుకున్నాను.

ఐదో తరగతిలో మా డ్రాయింగ్ టీచరు సుమిత్రా మిస్, ఆమెదీ మా మాదిరి తెలుగిల్లే, మమ్మల్ని మ్యూజియానికి తీసుకుపోయి, బంగారు రేకు అద్దిన ఒక పాత మైసూరు పటం ముందు నేలమీద కూర్చోబెట్టింది. నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి తొడమీద వేసుకుని పేగులు లాగుతున్నాడు. పక్కన ప్రహ్లాదుడు చేతులు జోడించి నిలబడ్డాడు. ఐదు నిమిషాలు నోరు మెదపకుండా చూడమంది.

"ఇప్పుడు చెప్పండి, ఏం కనపడతా ఉండాది? తెలిసిన కత వద్దు, చూసింది చెప్పండి."

నెత్తురు, గోళ్ళు, పేగులు అని మగపిల్లలు ఉత్సాహంగా అరిచారు. నాకు ప్రహ్లాదుడి కళ్ళే కనిపించాయి. తండ్రి చస్తున్నా వాడు కళ్ళు మూసుకోలేదు.

"వాళ్ళమ్మ యాడుండాది మిస్?" అన్నాను.

అందరూ నవ్వారు. మిస్ నవ్వలేదు. "నువ్వేమనుకుంటా ఉండావు పద్మా?"

"వంటింట్లో. తలుపేసుకొని, నోట్లో కొంగు కుక్కుకొని."

"ఏం చూసి అట్లంటా ఉండావు?"

అందరినీ ఆమె అడిగే ప్రశ్నే అది. నేను చూసింది ఆ పటంలో లేదు. మిస్ వచ్చి నా పక్కన కూర్చుంది. బస్సు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నాయన బద్ద ఎత్తినప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు. పటాన్ని చూసినట్టే చూశాను: ఉబ్బిన మెడనరాలు, కడగని ఎంగిలి చెయ్యి, మోకాళ్ళమీద కూలబడిన అమ్మ.

"ఏం చూస్తా ఉండావే?"

"నిన్నే నాయనా. నీ చెయ్యి వణకతా ఉండాది."

బద్ద నా భుజంమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురమూ విన్నాము. ఎప్పుడూ వంటింటి వైపే పోయే అమ్మ ఈసారి ఇటు వచ్చింది. బద్దను రెండు చేతులతో లాక్కుని తలకంటే ఎత్తుకు లేపింది. నాయన గోడకు ఆనుకుని కిందికి జారిపోయి ముఖానికి చేతులడ్డం పెట్టుకున్నాడు. అమ్మ దాన్ని కిందికి విసిరేసి, నన్ను ఎత్తుకుని ఆసుపత్రికి, అటునుంచి అటే ఊరవతల హూడిలో మా మామ ఇంటికి తీసుకుపోయింది. మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు.

ఇప్పుడా సందులో మా అంగడి లేదు, నాయనా లేడు. హూడిలో మామ ద్రాక్షతోట ఉన్నచోట అద్దాల ఆఫీసులు లేచాయి. పోయిన ఏడు అమ్మ కూడా వెళ్ళిపోయింది. ఆఖరి రోజుల్లో ఒకసారి అడిగాను, బద్ద చేతికి వచ్చినాక నాయనను ఎందుకు కొట్టలేదని.

"కొట్టాలనే ఎత్తితిని," అంది. "నువ్వు చూస్తా ఉంటివి."