గుర్రం దూకిన దగ్గర్నుంచి

సాల్మన్ కుదురుగా కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు. సత్తెనపల్లి బస్టాండు పక్కన నాకు జిరాక్సు షాపు ఉంది. సాయంత్రం ఆరు దాటితే షాపు ముందు బల్ల మీద చదరంగం పరుస్తాం. సాల్మన్ వచ్చి బల్ల చివర కూర్చుని మోకాలు ఆడిస్తాడు. బల్ల కదులుతుంది, దాంతో పావులూ కదులుతాయి. "ఒరేయ్, రేపట్నుంచి ఆ కాలు ఇంట్లో పెట్టి రా" అని రోజుకు రెండుసార్లయినా అరుస్తాను. లేచి అటూ ఇటూ తిరుగుతాడు. అది ఇంకా చిరాకు.

అతనికి ముప్పై రెండేళ్ళు. ప్రైవేటు బళ్ళో సోషల్ చెబుతాడు. తల్లి ఎలీసమ్మ మిరప కల్లాల్లో కాయలు ఏరే పనికి పోతుంది. చిన్నప్పుడు చర్చిలో బైబిలు వాక్యాలు కంఠతా చెప్పే పోటీ ఎప్పుడు పెట్టినా బహుమతి సాల్మన్‌దేనట. ఆ పోటీలో ఒక పద్ధతుంది. మధ్యలో తడబడితే ఆగిన చోట అందుకోకూడదు, మళ్ళీ మొదటి వచనం నుంచి రావాలి. పోటీలు పోయాయి గానీ ఆ పద్ధతి అతన్ని వదల్లేదు.

పాత ఉద్దండుల ఆటలు చదివితే ఆట లోతు తెలుస్తుందని అతనికి చెప్పింది నేనే. ఒక్కో ఆటా ఒక్కో కాయితం మీద జిరాక్సు తీసి, నంబరు వేసి ఇచ్చాను. నెలకు ఐదారు చొప్పున మింగేశాడు. రెండేళ్ళకు నూట ముప్పై ఆటలు. ఏ నంబరు అడిగినా మొదటి ఎత్తు నుంచి గడగడా అప్పజెబుతాడు. "అది సరే, ఇరవయ్యో ఎత్తులో ఏనుగు అక్కడికెందుకు పోయింది?" అని అడిగితే పెదాలు కదుపుకుంటూ మొదటి నుంచి నడిచొచ్చి, ఇరవై దగ్గర ఆగి, "పోయిందండీ" అంటాడు. నాకు ఒళ్ళు మండేది.

పోయిన ఏడాది గుంటూరు పోటీలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. అవతలివాడు మూడో ఎత్తు ముందు ఆడి, రెండో ఎత్తు తర్వాత ఆడాడు. అంతే తేడా. బల్ల మీద తేలింది అచ్చంగా మా నలభై ఒకటో కాయితం. వెనక నిలబడ్డ నాకు కనిపిస్తూనే ఉంది. సాల్మన్ మాత్రం పెదాలు కదుపుతూ మొదటి నుంచి వస్తాడు, రెండో ఎత్తు దగ్గర పొసగదు, మళ్ళీ మొదలుపెడతాడు. గడియారం అయిపోయేదాకా అదే పని.

బయటికొచ్చాక గట్టిగానే తిట్టాను. "నలభై ఒకటి రా అది. నీ కళ్ళెదురుగా ఉంది."

అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "డీఎస్సీలో కూడా ఇంతేనండీ. ప్రశ్న తిప్పి అడిగితే నాకు అంతు దొరకదు. మూడుసార్లు పోయింది. బళ్ళో కూడా బట్టీ మాస్టారనే అంటారు. నాకున్నది జ్ఞాపకమేనేమో, బుర్ర లేదేమో అన్వర్ గారూ."

ఆ మాట అంటున్నప్పుడు అతని కాలు ఆడటం లేదు. అది చూసి నాకు భయమేసింది. తిట్టినందుకు సిగ్గు కూడా వేసింది.

మర్నాడు అతనికి తెలియని ఆటలు యాభై తీశాను. కాయితాలు కోసే మిషన్ మీద పెట్టి, ఒక్కోదాని పైభాగం, అంటే మొదటి పదమూడు ఎత్తులూ కోసేశాను. ఆ ఎత్తుల తర్వాత పావులు ఎక్కడున్నాయో బొమ్మ గీసి, నంబరు వేయకుండా కిందిభాగం చేతికిచ్చాను. పైముక్కలు సొరుగులో పెట్టి తాళం వేశాను.

"ముందేం జరిగిందో తెలియకుండా ఎట్టా అండీ?" అన్నాడు.

"అదే నేర్చుకో."

నెలరోజులు నా ప్రాణం తీశాడు. పిల్లలు హాల్‌టికెట్ల జిరాక్సులకు ఎగబడే వేళకొచ్చి, "ఒక్కదానికి పైముక్క ఇవ్వండి, ఒక్కటే" అని కౌంటరు చుట్టూ తిరిగేవాడు. అన్నం సయించడం లేదన్నాడు. మొదలు తెలియని ఆట చెప్పులో రాయిలా ఉందన్నాడు. నేను ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం చేతులు ఊపుకుంటూ వచ్చాడు. తల్లికి అన్నం క్యారియరు ఇవ్వడానికి కల్లానికి వెళ్ళాడట. ఎలీసమ్మ పక్కనామెతో కబుర్లు చెబుతూనే కాయలు ఏరుతోంది. ఎర్రకాయ ఒక పక్కకి, రంగు పోయిన తాలుకాయ ఒక పక్కకి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం అక్కడే నిలబడిపోయి, ఎట్టా తెలుస్తుందమ్మా అని అడిగాడట.

"ఏమందో తెలుసా అండీ? 'ఏ చేలోదో, ఏ కోతదో నాకెందుకురా. చేతిలోకొచ్చిందా, ఎటు పోవాలో కాయే చెబుద్ది' అంది."

ఈ మాట నాకు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ నడుస్తూనే. పైముక్కలు మళ్ళీ అడగలేదు.

ఏప్రిల్లో ఒంగోలు పోటీకి వెళ్ళాం. మనిషికి అరగంట ఆటలు, ఎత్తులు రాసుకునే పని లేదు. చివరి రౌండులో ఎదురుగా చైతన్యకృష్ణ అని ఇంజనీరింగు విద్యార్థి, రేటింగు ఉన్నవాడు. ఏడో ఎత్తుకే అతను దారి మళ్ళించాడు. సాల్మన్ పెదాలు కదలడం మొదలైంది. అయిపోయిందిరా దేవుడా అనుకుని, చూడలేక వరండాలోకి పోయాను. నిలవలేక మళ్ళీ లోపలికొచ్చాను.

పెదాలు ఆగి ఉన్నాయి. కాలు కూడా ఆగి ఉంది. బల్ల వంకే చూస్తున్నాడు. గడియారంలో మిగిలిన పద్నాలుగు నిమిషాల్లో ఎనిమిది అట్లాగే కరిగిపోయాయి. అప్పుడు గుర్రాన్ని తీసి బంటు కొట్టే గడిలో పెట్టాడు. తప్పు చేశాడనుకున్నాను. చైతన్యకృష్ణ కూడా అనుకున్నట్టున్నాడు, వెంటనే కొట్టాడు. కొట్టాక ముందుకు వంగాడు. ఇంకో పది ఎత్తులకు రాజుకు దారి లేక, ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపాడు.

నూట ముప్పై ఆటల్లో ఆ గుర్రం లేదు, కోసిన యాభైలోనూ లేదు. నాకు తెలుసు, అవన్నీ జిరాక్సు తీసింది నేనే.

బస్సు అద్దంకి దాటాక జేబులోంచి కాయితం తీశాను. "చెప్పరా, రాసుకుంటాను. దీనికి నూట ముప్పై ఒకటి అని నంబరు వేస్తాను."

పెదాలు కదిపాడు. ఆపాడు. కిటికీలోంచి చూశాడు, సీట్లో ఇటు జరిగాడు, అటు జరిగాడు. మోకాలు మొదలైంది. నరసరావుపేట వస్తోంది, ఇంకా మొదటి ఎత్తే తేలలేదు.

"మొదలు రావట్లేదండీ," అన్నాడు కంగారుగా. "ఎప్పుడూ ఇట్టా లేదు." నా చేతిలో కాయితం చూసి, "గుర్రం దూకిన దగ్గర్నుంచి అయితే తెలుసు. అది ఎందుకు దూకిందో కూడా తెలుసు. అక్కణ్ణుంచి చెప్పనా?" అన్నాడు.

చెప్పమన్నాను. అతని మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది. కాయితం కదిలిపోతున్నా తిట్టకుండా రాసుకుంటూ పోయాను.