స్టవ్వుల సుభాని చూసే సినిమా

స్టవ్వుల సుభాని వారానికి మూడు సినిమాలకు తక్కువ కాకుండా చూస్తాడు. అరవై రెండేళ్ళు వచ్చాయి గానీ, ఇంతవరకు ఒక్క హీరోని కూడా చూసిన పాపాన పోలేదు.

హీరో తెర మధ్యలో ఉంటాడు. సుభాని చూపు తెర అంచుల్లో ఉంటుంది. హీరో కత్తి దూస్తే జనం పారిపోతారు కదా, ఆ పారిపోయేవాళ్ళలో పుచ్చకాయల కొట్టాయన చెప్పు ఊడిందా లేదా అన్నది ఇతనికి కావాలి. హీరోయిన్ వానలో తడుస్తూ పాడుతుంటే, ఆమె వెనక అరుగు మీద కూర్చున్న ముసలాయన నిజంగానే వణుకుతున్నాడా అని ముందుకు వంగి మరీ చూస్తాడు. ఆట వదిలాక బయటికొచ్చి, "ఇందులో హీరో ఎవరండీ?" అని పక్కవాళ్ళని అడుగుతాడు.

రేపల్లెలో ఎవరింట్లో గ్యాస్ స్టవ్ మొరాయించినా సుభానిని పిలవాలి. పిలిస్తే సినిమా కబుర్లు వినాలి. ఈ రెండూ విడివిడిగా దొరకవు.

ఈ సంగతి దేవకుమారికి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆమె భర్త, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ప్రేమ్ కుమార్, సుభాని ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూర పొయ్యి మీద పెట్టిందో లేదో, మంట పచ్చగా మారి ఆరిపోయింది. సుభాని వచ్చాడు. బర్నర్ విప్పి పేపరు మీద నాలుగు ముక్కలుగా పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, 'గుర్రం ఎక్కిన గుమాస్తా' చూశావా?"

"లేదన్నయ్యా. ఎప్పుడొచ్చింది?"

"కిందటి వారం శుక్రవారం వచ్చింది, ఆదివారం పోయింది. గొప్ప సినిమా."

"కథేంటి?"

"కథ నాకేం తెలుసు? ఎవరో గుమాస్తా, గుర్రం కొన్నాడు. అది కాదమ్మా. ఆ గుర్రం తోక ఊపుద్ది. పక్కన టీ తాగే ఆయన మొహాన ఫట్‌మని తగుల్తుంది. ఆయనేం చేశాడో చెప్పు?"

"మొహం తుడుచుకున్నాడా?"

"గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు! మొహం పోతే పోయింది, టీ కాపాడుకున్నాడు. దాన్ని నటన అనరు, జీవితం అంటారు."

"బర్నర్ అన్నయ్యా..."

"బర్నరెక్కడికి పోద్దమ్మా, ఇక్కడే ఉందిగా."

ప్రేమ్ కుమార్ వాకిట్లోంచి కేకేశాడు. "ఒరే సుభానీ, ముందు మంట రానివ్వరా! ఆ టీ ఆయన ఎక్కడికీ పోడు. కూరలో కోడి లేచి పోయేలా ఉంది!"

సుభాని సిద్ధాంతం ఒకటుంది. వంద రోజులాడిన సినిమాని అతను నమ్మడు. "అందులో తెర నిండా హీరోనే ఉంటాడు. వెనకాలవాళ్ళకి చోటేదీ? మూడు రోజుల్లో ఎత్తేసే సినిమా చూడండి. తీసినవాడికి హీరో మీద నమ్మకం ఉండదు. కెమెరా దిక్కులు చూస్తుంది. అప్పుడు మనుషులు కనపడతారు" అంటాడు. ఈ మధ్య అతనికి ఇంకో దిగులు పట్టుకుంది. జనాన్ని కంప్యూటర్లో పుట్టిస్తున్నారట. "వేలమంది సైన్యం అమ్మా, ఒక్కడు గోక్కోడు. ఒక్కడికి దగ్గు రాదు. పాపం, అమ్మా బాబూ లేని జనం."

తెనాలిలో ఒక హాలువాళ్ళు అతన్ని చూస్తే ఇప్పటికీ గేటు దగ్గర ఒక క్షణం ఆలోచిస్తారు. ఒకసారి అక్కడ తెర మీద హీరో తల్లి ఆసుపత్రి మంచం మీద ప్రాణం వదులుతోంది. హాలంతా ముక్కులు చీదుకుంటోంది. సుభాని లేచి నిలబడి, "అదిగో! అదిగో! సెలైన్ సీసా పట్టుకున్న నర్సమ్మ ఆవలించింది!" అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. చచ్చిపోయిన తల్లిని ఆ ఆటకి ఎవరూ పట్టించుకోలేదు.

ఇన్ని సినిమాల్లోనూ అతని లెక్కలో శిఖరం మీద నిలబడ్డది ఒక్కటే: 'వెళ్ళొస్తానని వెళ్ళాడు'. ముప్పై ఆరేళ్ళ కిందట వచ్చింది. రేపల్లెలో నాలుగు రోజులాడితే సుభాని పదకొండు ఆటలు చూశాడు. ఆ తర్వాత అది టీవీలో రాలేదు, ఫోన్లో రాలేదు. పెళ్ళిలో, పరామర్శలో, బస్టాండులో, ఎక్కడ ఇద్దరు కూర్చున్నా సుభాని దాన్ని పొగడకుండా లేవడు.

"నా పెళ్ళైన కొత్తలో నన్నూ తీసుకెళ్ళాడు వదినా" అని అతని భార్య కరీమాబీ చెప్పేది. "హాల్లో ఈయన, నేను, ఒక మేక. నేను మొదటి పాటకే నిద్రపోయా. మేక నయం, ఇంటర్వెల్ దాకా చూసింది."

"అంత గొప్పేముందన్నయ్యా అందులో?" అని దేవకుమారి ఎన్నోసార్లు అడిగింది.

"చూస్తే తెలుస్తుందమ్మా. చెప్పకూడదు."

విచిత్రమేమిటంటే, ఆ సినిమా పేరెత్తగానే ప్రేమ్ కుమార్‌కి దగ్గొచ్చేది. దగ్గుకుంటూ లేచి స్కూటర్ తుడవడానికి వెళ్ళిపోయేవాడు. ఆ ఊళ్ళో అంత శుభ్రమైన స్కూటర్ ఇంకొకటి ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట ఆగస్టులో ప్రేమ్ కుమార్ పోయాడు. స్కూటర్ మీద దుమ్ము అలాగే ఉంది.

ఇంట్లో ఏ వేడుకైనా వీడియో తీసేది ఆయనే. పోయాక ఫోన్లో చూస్తే రెండొందల వీడియోలున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. "ఇటు, ఇటు చూడండి, రూబీ నవ్వమ్మా" అనే గొంతు ఉంది. తెర మూలన అడ్డంగా బొటనవేలు ఉంది. ఇక ఫొటోల్లో చూద్దామంటే, డ్రిల్లు మాస్టారాయె. కెమెరా కనపడితే చాలు, అటెన్షన్. పెళ్ళి ఫొటోలో కూడా జెండా వందనానికి వచ్చినట్టే ఉన్నాడు.

ఆయన నడక మాత్రం అలా ఉండేది కాదు. ఊళ్ళో పిల్లలందరికీ కవాతు నేర్పిన మనిషి, తను నడిస్తే ఒక భుజం కిందికి జారి, కనపడని బిందె మోస్తున్నట్టు ఒకపక్కకి ఒరిగేవాడు. దేవకుమారి వీధి మొదట్లోనే ఆ ఒరుగు చూసి అన్నం పెట్టేది. ముప్పై ఏళ్ళు అలా చూసింది. ఈ మధ్య ఒకరోజు పొద్దున గుర్తు చేసుకోబోతే, ఏ భుజమో గుర్తు రాలేదు.

కొడుకు ఫిన్నీకి ఫోన్ చేసింది. "కుడి భుజం మమ్మీ" అన్నాడు. కూతురు రూబీ, "కాదు, ఎడమ" అంది. దేవకుమారి తలుపు వేసుకుని హాల్లో తనే నడిచి చూసింది. ఎడమ భుజం వంచి అటు, కుడి భుజం వంచి ఇటు. రెండూ ఆయనలాగే అనిపించాయి, రెండూ ఆయనలా లేవు. ఈలోగా పాలు పొంగి స్టవ్వంతా నిండాయి. ఇవాళ భుజం పోయింది, రేపు ఇంకేం పోతుందో అనుకుంటూ స్టవ్వు తుడిచింది.

పాలు పొంగిన స్టవ్వుకి సుభాని వచ్చాడు. బర్నర్ విప్పుతుంటే అడిగేసింది.

"అన్నయ్యా, మీరు అందరి నడకలూ చూస్తారుగా. ఆయన ఏ భుజం వంచి నడిచేవారు?"

సుభాని బర్నర్ కేసి చూశాడు. "చూసి చెబుతానమ్మా" అన్నాడు.

"ఎక్కడ చూస్తారన్నయ్యా ఇంకా?"

సుభాని నాలుగు నిమిషాల్లో బర్నర్ బిగించి, మంట చూపించి వెళ్ళిపోయాడు. ఒక్క సినిమా పేరు ఎత్తలేదు. దేవకుమారి హడలిపోయి కరీమాబీకి ఫోన్ చేసింది. "వదినా, అన్నయ్యకి ఒంట్లో బాగుందా?"

ఆ తర్వాత రెండు నెలలు సుభాని రేపల్లెలో సరిగ్గా కనపడలేదు. పొద్దున బస్సెక్కి బాపట్ల అంటాడు, తెనాలి అంటాడు. కరీమాబీ లబోదిబోమంటూ వచ్చింది.

"ఊళ్ళో స్టవ్వులన్నీ పడకేశాయి వదినా. మా ఇంట్లోదే ఒంటికన్నుతో మండుతోంది. ఈయనకేమో పాత క్యాసెట్ కావాలంట, ఆ మేక చూసిన సినిమాది!"

బాపట్లలో ఒకాయన దగ్గర పేరు రాసున్న క్యాసెట్ దొరికింది. తీరా వేస్తే లోపల ఎవరిదో పెళ్ళి. సినిమా చెరిపేసి దాని మీద పెళ్ళి ఎక్కించుకున్నారు. సుభాని మూడు గంటలూ కదలకుండా చూసి, "పెళ్ళికొడుకు సంగతి నాకు తెలీదు గానీ, వెనకాల గరిటె పట్టుకున్న వంటాయన బ్రహ్మాండం" అని చెప్పి మరీ వచ్చాడు.

తెనాలిలో ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చిన జగన్నాథరావు గారి అటక మీద రెండోది ఉందని తెలిసింది. ఆయనకి ఎనభై దాటాయి. "వెతకాలయ్యా, ఓపిక లేదు. ముందు మా స్టవ్ చూడు" అన్నాడు. చూశాడు. "మా అక్కయ్యది కూడా" అన్నాడు. అదీ చూశాడు. వియ్యపురాలిది, మేడ మీద అద్దెకున్నవాళ్ళది అయ్యేసరికి ఆయనకే సిగ్గేసి అటకెక్కనిచ్చాడు. క్యాసెట్‌కి బూజు పట్టి ఉంది. పెళ్ళి వీడియోలు తీసే కుర్రాళ్ళెవరో దాన్ని తుడిచి, ఆరబెట్టి, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సుభాని, కరీమాబీ దేవకుమారి ఇంటికొచ్చారు. కరీమాబీ చేతిలో మిరపకాయ బజ్జీల గిన్నె ఉంది. "ఎందుకు చెయ్యమన్నాడో అడక్కు వదినా, నాకూ చెప్పలేదు" అంది. రూబీ, ఫిన్నీ ఇద్దరూ ఉన్నారు. వాళ్ళని సుభానే రప్పించాడట.

టీవీలో వానలాగా గీతలు. ఆ గీతల మధ్య రైల్వే ప్లాట్‌ఫారం. "వెళ్ళొస్తా"నని వెళ్ళిన మొగుడు రాలేదని తెల్లచీరలో ఒకావిడ కుమిలి కుమిలి ఏడుస్తోంది.

"అదిగో!" అని సుభాని లేచి అరిచాడు. "ఆవిణ్ణి చూడకండి! వెనకాల! వెనకాల!"

ఆ ఇంట్లో మొట్టమొదటిసారి అందరూ వెనకాల చూశారు.

ఏడుస్తున్న ఆవిడ భుజం పక్కనుంచి గళ్ళ చొక్కా తొడుక్కున్న బక్కపల్చని కుర్రాడు రైలు అందుకోబోతున్నట్టు గబగబా నడిచి వెళ్ళాడు. ఒకపక్కకి ఒరిగి, కనపడని బిందె మోస్తున్నట్టు. దేవకుమారి చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది.

అర నిమిషంలో అదే కుర్రాడు తలకి తువ్వాలు చుట్టుకుని అటునుంచి ఇటు వచ్చాడు. మళ్ళీ ఎవరిదో గొడుగు పట్టుకుని ఇటునుంచి అటు. అదే గళ్ళ చొక్కా.

"డాడీ!" అంది రూబీ.

"కుడి భుజం! నేను చెప్పానా!" అన్నాడు ఫిన్నీ.

"జనం సరిపోలేదమ్మా" అన్నాడు సుభాని. "బాపట్లలో షూటింగు. ఉన్న పదిమందినే తిప్పితిప్పి నడిపించారు. అదిగో, ఆ స్తంభం పక్కన మోచెయ్యి కనపడుతుందే, అది నాది. నన్ను నాలుగుసార్లు నడిపించి మోచెయ్యి ఉంచారు. ఆ రోజు నుంచే నేను వెనకాల చూడ్డం మొదలెట్టింది. ఎవరెవరు మిగిలారో చూద్దామని."

ప్రేమ్ కుమార్ తండ్రి సామ్యేలు గారు సినిమా హాలున్న వీధి తప్పించుకుని, చుట్టూ తిరిగి చర్చికి వెళ్ళే మనిషి. కొడుకు ఉద్యోగం పరీక్షకని చెప్పి బాపట్ల వెళ్ళాడు. తిరుగు బస్సులో సుభాని చేత ఒట్టు వేయించుకున్నాడు. తండ్రి పోయాక కూడా ఒట్టు విప్పలేదు. "బళ్ళో పిల్లలకి తెలిస్తే నా పని అయిపోతుందిరా" అనేవాడట.

"మరి ఇప్పుడు ఒట్టు తప్పావా?" అంది కరీమాబీ.

"ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. చూపించనని వెయ్యలేదు. చెల్లెమ్మ అడిగిన రోజు నాక్కూడా ఏ భుజమో అనుమానమొచ్చింది. అనుమానం మీద వాడి నడక చెబుతానా?"

"పిల్లలకి తెలిస్తే ఏమవుద్ది?" అని ఫిన్నీ అడుగుతుండగానే సమాధానం తెర మీదికి వచ్చింది. తెల్లచీర ఆవిడ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది. ఆమె వెనకాల ప్రేమ్ కుమార్ నాలుగోసారి వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం పొట్లం. మిరపకాయ బజ్జీ కొరికాడు. మండింది. నోరు తెరిచి ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ, కుడి భుజం ఒరిగించి, నేరుగా కెమెరాలోకి చూశాడు. కెమెరా కనపడగానే బజ్జీతో సహా అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ఆ ఇంట్లో రెండేళ్ళుగా వినపడనంత నవ్వు. రూబీ నేల మీద దొర్లింది. దేవకుమారి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. "అన్నయ్యా, మళ్ళీ వెయ్యండి" అంది. వేశారు. ఇంకోసారి వేశారు. అయిదోసారికి బజ్జీలు అయిపోయాయి.

సుభాని రిమోట్ పట్టుకుని బిక్కుబిక్కుమంటూ ఆమె మొహంలోకి చూశాడు. ముప్పై ఆరేళ్ళుగా ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న అడిగాడు.

"ఇప్పుడు చెప్పు చెల్లెమ్మా. సినిమా ఎలా ఉంది?"

దేవకుమారి తెర మీంచి కళ్ళు తిప్పకుండా చెప్పింది.

"చాలా బాగుందన్నయ్యా. ఆ ముందు కూర్చుని ఏడుస్తున్న ఆవిడెవరో గానీ, కాస్త అడ్డం వస్తోంది."