తిరగబడ్డ అక్షరాలు

నస్పూర్‌లో ఆడవాళ్లకు స్కూటీ నేర్పే పని మొదలుపెట్టిన వారం, నలుగురి కళ్లలో పడాలని ఇంట్లోనే టీషర్టులు తయారు చేద్దామనుకున్నాను. కావలసినవి ఎనిమిదే. ప్రత్యేకమైన కాగితం మీద బొమ్మ ప్రింటు తీయించి, దాన్ని బట్ట మీద బోర్లా పెట్టి ఇస్త్రీ చేస్తే రంగు అంటుకుంటుందని ఫోన్‌లో వీడియో చూశాను. స్కూటీ బొమ్మ, దాని కింద "భయం లేదు, బండి నాదే" అన్న మాట. ఆ మాట నేనే రాశానని నాకు చాలా గర్వంగా ఉండేది.

మంచిర్యాలలో ప్రింటు తీసే అతను అడిగాడు. "అద్దంల కనవడ్డట్టు ఉల్టా కొట్టాల్నా మేడం?"

"ఉల్టా ఎందుకన్నా? సీదానే కొట్టు," అన్నాను. వీడియోలో ఆ సంగతి ఉండే ఉంటుంది. నేను చివరిదాకా చూడలేదు.

ఇస్త్రీ పని వదినకు అప్పగించాను. మా అన్న భార్య. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. సిరిసిల్లలో మరమగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. రెండో తరగతిలోనే బడి మాన్పించి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. చదవడం రాదు. బట్ట మంచిదో కాదో మాత్రం వేళ్లతో తాకి చెప్పేస్తుంది. బండి నేర్చుకుంటానని నా దగ్గర అందరికంటే ముందు పేరిచ్చింది కూడా ఆమే.

నేను మైదానంలో సున్నంతో గీతలు గీస్తుంటే ఫోన్ చేసింది.

"పిల్లా, ఒకటి చేసిన. కాగితంల బండి కుడిదిక్కు పోతుండె. అంగి మీద ఎడమదిక్కు పోతున్నది. జర వచ్చి చూడరాదు?"

"ఎటు పోతే ఏంది వదినా? ఫికర్ చెయ్యకు, కానియ్యి," అని పెట్టేశాను.

మర్నాడు పొద్దున మైదానంలో అందరికీ పంచాను. మడత విప్పగానే ఒకావిడ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఎనిమిదింటి మీదా అక్షరాలు తిరగబడి ఉన్నాయి.

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. ప్రింటు అతను అడిగింది, వదిన ఫోన్‌లో చెప్పింది, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"మా వదిన ఇస్త్రీ చేసింది. సదువు రాదు గదా, ఉల్టా పెట్టింది."

అందరూ ఇట్టే నమ్మారు. "పోనియ్యక్కా, సదువు లేకపోతే గంతే," అని ఎవరో వదినను ఓదార్చారు కూడా. అప్పటికే ఆమె టీషర్టు తొడుక్కుని నిలబడి ఉంది. నా వైపు ఒకసారి చూసింది. చున్నీ ముందుకు లాక్కుని అక్షరాలు కప్పుకుంది.

మర్నాడు నేర్చుకోవడానికి రాలేదు. అన్న అడిగితే నడుం నొస్తున్నదని చెప్పిందట. నాకు మాత్రం ఎప్పటిలాగే అన్నం పెట్టింది. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని.

నాలుగో రోజు వంటింట్లోకి వెళ్లి, "తప్పు నాదే వదినా. ప్రింటే తప్పు తీయించిన," అన్నాను.

మిరపకాయల తొడిమలు తీస్తూ తలెత్తలేదు. "నాకు ఎరుక లేదా? నీకు ఫోన్ చేసి చెప్పలేదా? నాకు కాదు, గాళ్లకు చెప్పు."

వాళ్లకు చెప్పడానికి ఇంకో వారం పట్టింది. రోజూ ఇవాళ చెబుదామనుకునేదాన్ని, అంతలో క్లాసు అయిపోయేది. చివరికి చెప్పేసరికి ముగ్గురు మానేశారు. ఉన్నవాళ్లలో ఒకావిడ, "గది మేం మర్చేపోయినం మేడం," అని బండి తాళం కోసం చెయ్యి చాపింది. మానేసిన ముగ్గురికీ ఫోన్ చేయాలనుకున్నాను. చేయలేదు.

క్లాసులో నిజం చెప్పేశానని ఆ సాయంత్రం వదినకు చెప్పి, రేపటి నుంచి రమ్మన్నాను.

"నాతోని కాదు పిల్లా. సదువు రానిదాన్ని, ఏడ ఏం ఉల్టా చేస్తనో," అంది.

దెప్పుతోందేమోనని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే అంటోంది. టీషర్టుల తప్పు తనది కాదని ఆమెకు తెలుసు. అయినా నా మాట ఆమె లోపల ఎక్కడో దిగిపోయింది.

ఆ తర్వాత నా దగ్గర చాలామంది నేర్చుకున్నారు, అక్షరం రానివాళ్లతో సహా. వాళ్ల సంగతి చెప్పి ఎన్నిసార్లు పిలిచినా వదిన నవ్వి ఊరుకుంటుంది. బజారుకు నేనే వెనక ఎక్కించుకుని తీసుకెళ్తాను. మూలమలుపు వస్తే నా భుజం గట్టిగా పట్టుకుంటుంది.